నాలుగో రకం పొయ్యి

ఇకమీదట ఏ ఇల్లాలూ తాను ఎంచుకోని పొయ్యి మీద వంట చేయబోదని వంటిళ్ల ఆధునికీకరణ శాఖ మంత్రిగారు ప్రకటించారు. పొయ్యిని ఎంచుకోవడం ప్రజల జన్మహక్కనీ, ఇన్నాళ్లూ అలాంటి హక్కు ఒకటుందని కూడా తెలియనివ్వని గత ప్రభుత్వాన్ని జనం క్షమించరనీ ఆయన అన్నారు. చప్పట్లు కొట్టడానికి వచ్చినవాళ్లు తొందరపడి వాక్యం మధ్యలోనే కొట్టేశారు. మంత్రిగారు పెద్దమనసుతో ఆ చప్పట్లను కూడా స్వీకరించి, మిగతా సగం వాక్యం పూర్తిచేశారు.

పథకం పేరు 'మన పొయ్యి - మన ఎంపిక'.

మంత్రిగారు టీవీలో ఈ మాటలంటున్నప్పుడు, ప్రభుత్వ క్వార్టర్స్ కింది వాటాలో లిఫ్టు ఆపరేటరు భార్య చంటిదాన్ని చంకనేసుకుని జావ కలుపుతోంది. తనకొక కొత్త హక్కు వచ్చిన సంగతి ఆమెకు వినిపించలేదు. చంటిది ఏడుస్తోంది.

ఏడాది నిండని పిల్ల. జ్వరమూ విరేచనాలూ కలిసి పట్టుకుని మొన్ననే వదిలాయి. "మందులైపోయాయి, ఇక తిండే మందు. ఎప్పటికప్పుడు కాచి, వేడివేడిగా, కొంచెం కొంచెంగా పెట్టు. చల్లారిందీ, పొద్దుటిదీ పెట్టావో, మళ్లీ నా దగ్గరికే వస్తావు" అంది ఆసుపత్రి నర్సు. అప్పటినుంచీ తల్లికి అదే ధ్యాస. పని చేస్తూ చేస్తూ వచ్చి పిల్ల నుదుటికి తన చెంప ఆనించి చూసేది. వేడిగా ఉందనిపిస్తే తన నుదురు తడుముకునేది. రెండూ వేడిగానే ఉంటే పొయ్యి దగ్గర నిలబడడం వల్లేలే అని సర్దిచెప్పుకునేది. పిల్లను ఎత్తుకుంటే చంకలో పిల్ల ఉన్నట్టే లేదు. ఆ తేలికే తల్లికి బరువుగా ఉంది.

ఆమె పొయ్యి గట్టు మీద పెట్టుకునే పాతకాలపు గ్యాసు పొయ్యి. రెండు బర్నర్లలో ఒకటి కాపురానికొచ్చిన కొత్తలోనే మొండికేసింది. రెండోది మాత్రం బుద్ధిమంతురాలు. లైటరు రెండుసార్లు టిక్కుమంటే పలకదు, మూడోసారికి పలుకుతుంది. జావ ఉడికేలోపు పిల్ల ఏడుపు రాగం మారదు. అంత చురుకైన పొయ్యి.

జావ దింపుతుండగా మైకన్న వచ్చాడు. అతను వార్డులో పార్టీ కార్యకర్త. చేతిలో మైకు ఉన్నా లేకపోయినా ఒకేలా మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"చెల్లెమ్మా, నీ వంటిల్లు మోడల్ కిచెన్‌గా ఎంపికైంది. ఇన్ని క్వార్టర్లలో నీ ఒక్కదానిదే."

పిల్ల గురించిన అంత భయంలోనూ ఆమెకు కొంచెం సంతోషం కలిగింది. గట్టు రోజూ రెండుసార్లు తుడుస్తుంది. ఆ సంగతి ఎవరో గమనించారన్నమాట.

"శుభ్రంగా ఉంటుందనా అన్నయ్యా?"

"కింది వాటా కదమ్మా. మంత్రిగారికి మోకాళ్ల నొప్పులు."

సాయంత్రం మొగుడు ఇంటికొచ్చేసరికి అతనికి ఈ వార్త తెలిసే ఉంది. అతను సచివాలయంలో లిఫ్టు నడుపుతాడు. మంత్రిగారిని రోజూ పైకి తీసుకెళ్లేది తనే కాబట్టి ఆయన ఎదుగుదలలో తన చెయ్యి కూడా ఉందని అతని నమ్మకం.

"మనకెందుకండీ ఇవన్నీ? వద్దని చెప్పకూడదూ?"

"క్వార్టరు ఇచ్చినవాళ్లకి వెనక్కి తీసుకోవడం కూడా వచ్చు" అన్నాడతను, చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ. "అయినా ఊరికే వస్తోంది కొత్త పొయ్యి. కాదంటావేంటి?"

కమిటీ వచ్చింది. కమిటీ అంటే ఒక పెద్దాఫీసరూ, ముగ్గురు నిపుణులూ. ఒకాయన గ్యాసు నిపుణుడు, ఒకాయన ఇండక్షన్ నిపుణుడు, ఒకాయన సిరామిక్ నిపుణుడు. వెనకాల కోత మెషీను పట్టుకుని రాయి కోసే మేస్త్రి. ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు ఊపిరి బిగబట్టాలి. నిపుణులు వంతులవారీగా లోపలికొచ్చి పరిశీలించారు.

పెద్దాఫీసరు చాలా మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"చూడమ్మా, హాబ్ అంటే నీ పొయ్యిలా గట్టు మీద కూర్చునేది కాదు. గట్టు రాయికి చోటు కోసి అందులోకి దించుతాం. పైన చదునుగా అద్దంలా ఉంటుంది. మూడు రకాలున్నాయి. గ్యాసుది మంట. సిరామిక్‌ది కరెంటుతో ఎర్రగా కాలే అద్దం. ఇండక్షన్‌లో అద్దం కాలదు, గిన్నె ఒక్కటే కాలుతుంది. ఎంచుకునేది నువ్వే. నీకు సాయం చేయడానికే మేము."

"మీ ఇంట్లో ఏది సార్?" అని అడిగిందామె. తెలుసుకుందామనే అడిగింది.

పెద్దాఫీసరు గ్యాసు నిపుణుడి వంక చూశాడు. గ్యాసు నిపుణుడు ఇండక్షన్ నిపుణుడి వంక చూశాడు.

"వంట మా ఆవిడ చేస్తుందమ్మా" అన్నాడు పెద్దాఫీసరు. "నేను ఆ గదిలోకి వెళ్లను."

మిగతావాళ్లు కూడా వెళ్లరట. నిష్పాక్షికతకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మొదటి పని పాత పొయ్యిని తొలగించడం. అది కళ్లెదురుగా ఉంటే ఎంపిక మీద ప్రభావం పడుతుందట. గొట్టం ఊడదీసి, పొయ్యికి తెల్లగుడ్డ చుట్టి, పైన ముడివేసి, ముడి మీద లక్క పోసి ముద్ర కొట్టారు. ఆ మూటను ఆమె ఇంట్లోనే, ఆమె అటక మీదే పెట్టి, కాపలా బాధ్యత ఆమెకే అప్పగించారు.

"సీలు చెదిరితే క్వార్టరు రద్దవుతుంది. జాగ్రత్తమ్మా" అన్నాడు పెద్దాఫీసరు, తన ఇంటి ఆడపడుచుకు చెప్పినట్టు.

"మరి పిల్లకి జావ సార్? మాటిమాటికీ కాచాలి. జబ్బు పడి లేచిన పిల్ల."

"అందుకే కదమ్మా మేము త్వరపడుతోంది" అని ఆయన మేస్త్రికి సైగ చేశాడు. "ఎంపికకు టైం పడుతుంది. దానికోసం కోత ఆగకూడదు. ముందు కోసేయ్."

"ఎంత సార్?"

గ్యాసు నిపుణుడు దగ్గరగా ఉన్నాడు. ఆయన తన జేబులోని కొలత చెప్పాడు.

మెషీను మొదలైంది. రాతిపొడి ఇల్లంతా పొగమంచులా లేచింది. ఆమె పిల్లను కొంగులో చుట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి గట్టు మధ్యలో చక్కటి నలుచదరపు చిల్లి. దాంట్లోంచి కింది అరలోని ఉప్పుడబ్బా, పప్పుడబ్బా పైకి చూస్తున్నాయి. కమిటీవాళ్లు చిల్లి చుట్టూ నిలబడి, తుమ్ముతూ, ఒకరికొకరు అభినందనలు చెప్పుకుంటున్నారు.

"చిల్లి బాగా వచ్చింది సార్" అన్నాడు మైకన్న.

"చిల్లి అనకూడదు" అన్నాడు పెద్దాఫీసరు. "ప్రొవిజన్."

తర్వాత ఆయన చేతులు దులుపుకుని, ఇంత దుమ్ములో గొంతు ఎండిపోయింది, కొంచెం టీ పెడతావా తల్లీ అని అడిగాడు. తర్వాత తనే గుర్తు తెచ్చుకుని, పర్లేదులే అన్నాడు.

అప్పటినుంచీ ఆమె కాపురం మెట్ల మీదికి వచ్చింది. పైవాటాలో ఒకావిడ ఉంటుంది. ఎవరికీ పిన్ని కాదు, కానీ అందరూ మేడమీద పిన్ని అనే పిలుస్తారు. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో గిన్నె పెట్టుకుని పైకెక్కడం, పిన్ని పొయ్యి ఖాళీ అయ్యేదాకా గోడకానుకుని నిలబడడం, కాచుకుని కిందికి దిగడం. పిల్ల పిన్ని ఇంట్లో తినదు. పిన్నిని చూస్తే నోరు కుట్టేసుకుంటుంది. కిందికి దిగి, మెడకు గుడ్డ కట్టి, చెంచా నోటిదాకా తెచ్చేసరికి జావ పైన మీగడ కట్టి చల్లారిపోయేది. పిల్ల మూతి తిప్పేసుకునేది. మళ్లీ మెట్లు.

"వచ్చావా మోడల్ కిచెనూ" అనేది పిన్ని తలుపు తీస్తూ. "మంత్రిగారు మెచ్చిన వంటింట్లో జావ కూడా కాగదేం?"

"ఇంకొన్నాళ్లే పిన్నీ. కోత అయిపోయిందిగా."

"నా వంటింట్లో కిటికీ కూడా ఉంది. నన్నెవరడిగారు? ఆయనకి మోకాళ్లు లేకపోవడమేమిటో, నా ఖర్మకి."

కోత అయిపోలేదు. మంత్రిగారు ఏదో సభలో 'మంట లేని వంటిల్లే మా లక్ష్యం' అన్నారు. ఆ మాట అనేముందు ఆయన ఎవరినీ సంప్రదించలేదు. ధైర్యవంతులు సంప్రదించరు. మర్నాడే కమిటీ వచ్చి గ్యాసును పక్కకు పెట్టింది. సిరామిక్ నిపుణుడు ముందుకొచ్చి, తన హాబ్ వెడల్పు ఎక్కువని చెప్పాడు. మేస్త్రి కుడిపక్కన కోశాడు.

కోసిన తర్వాత పరీక్షించాలన్న ఆలోచన వచ్చింది. నిపుణుడు సంచిలోంచి చిన్న నమూనా పొయ్యి తీసి గోడకున్న ప్లగ్గులో పెట్టాడు. అద్దం ఎర్రబడింది. ఆమె ఆశగా పాలగిన్నె తెచ్చి పెట్టబోయింది. అంతలో ఎక్కడో టప్పుమంది. ఆ ఇంట్లోనే కాదు, బిల్డింగు మొత్తం కరెంటు పోయింది. అన్ని వాటాల వాళ్లూ మెట్ల మీదికొచ్చి ఏమైందని అరిచారు.

"ఇది గత ప్రభుత్వం వేసిన వైరు" అని మైకన్న చీకట్లోంచే సమాధానం చెప్పాడు.

ఇక మిగిలింది ఇండక్షన్. ఇండక్షన్ నిపుణుడు ఇన్నాళ్లూ నోరు మెదపకుండా తన వంతు కోసం కాచుకున్నాడు. వంతు రాగానే, ఫ్యామిలీ సైజు అయితేనే జనాభాకు న్యాయం జరుగుతుందన్నాడు. మేస్త్రి ఎడమపక్కనా, వెనకపక్కనా కోశాడు. ఇప్పుడా చిల్లిలో పిల్లకు స్నానం చేయించే టబ్బు పట్టేంత చోటుంది.

ఆ తర్వాత ఆయన జేబులోంచి అయస్కాంతం తీశాడు. ఇండక్షన్ మీద అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయట. జావగిన్నెకు ఆనించాడు. జారి కిందపడింది. పాలగిన్నెకు ఆనించాడు, పడింది. అన్నం గిన్నె, కూర గిన్నె, ఆమె పుట్టింటివాళ్లిచ్చిన పెద్ద గిన్నె, ఒక్కటీ అంటుకోలేదు. ఆయన పట్టువదలకుండా ఇల్లంతా తిరిగాడు. చివరికి ఒకచోట టక్కుమని అతుక్కుంది.

"ఈ ఇంట్లో ఇండక్షన్‌కి పనికొచ్చేది తలుపు గొళ్లెం ఒక్కటే" అని ఆయన కమిటీకి నివేదించాడు.

పెద్దాఫీసరు చిల్లిలోకి తొంగిచూశాడు. అంతా ఆలోచించాక గ్యాసే మేలేమో అన్నాడు. గ్యాసు నిపుణుడు తన కొలత చూసుకుని, ఇప్పుడు తన హాబ్ దించితే ఉప్పుడబ్బా పక్కన పడుతుందన్నాడు.

"కొంచెం తగ్గించడం కుదరదా?" అని పెద్దాఫీసరు మేస్త్రిని అడిగాడు.

"కోసే మెషీనే సార్ నా దగ్గరున్నది. పెంచేది రాలేదు ఇంకా" అన్నాడు మేస్త్రి.

నిర్ణయం పైకి పంపారు. పైనుంచి ఏం వస్తే అది.

"పైకి తీసుకెళ్లేది నేనే కదా" అన్నాడు మొగుడు ఆ రాత్రి భోజనం దగ్గర. భోజనమంటే హోటల్ పొట్లం. "ఫైలు నా లిఫ్టులోనే వెళ్లింది. నా లిఫ్టులోనే కిందికొచ్చింది. పైన దిగినవాళ్లు ఎవరూ దాన్ని పట్టుకోలేదు."

"దాని బుగ్గలు చూశారా? జారిపోయాయి."

అతను పిల్లవంక చూశాడు. పొట్లం మడిచి పక్కన పెట్టాడు. "ప్రారంభోత్సవం దాకా ఓర్చుకో. తర్వాత ఏదో ఒకటి పెడతారు. చిల్లి వదిలేసి పోరుగా."

ఈలోగా మేడమీద పిన్ని ఊరుకోలేదు. కిటికీ ఉన్న తన వంటింటిని కాదని కిటికీ లేని వంటింటిని ఎంచుకోవడం అన్యాయమని మైకన్నను పట్టుకుని నిలదీసింది. మైకన్న ఆఫీసులో చెప్పాడు. ఆ శాఖలో ప్రజల విన్నపానికి ఉన్న విలువ ఎంతటిదంటే, మర్నాడు పొద్దున్నే కమిటీ మెట్లెక్కి వెళ్లి, పిన్ని పొయ్యికి కూడా తెల్లగుడ్డ చుట్టి, లక్క పోసి, ముద్ర కొట్టి వచ్చింది.

ఆమె ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని పైకెళ్లింది. పిన్ని తలుపు తీసింది. ఎప్పటిలా వెక్కిరించలేదు. గిన్నె వంక, పిల్ల వంక చూసి, పక్కకు జరిగింది. వెనకాల అటక మీద తెల్లటి మూట కనిపించింది.

"నాకేం తెలుసు అమ్మాయ్" అంది పిన్ని. "నాది కూడా చూడమన్నాను, అంతే."

ఆ పూట పిల్ల బిస్కెట్టు నీళ్లలో నానబెట్టినది రెండు చెంచాలు తిని, మూడోది బయటికి తీసేసింది. సాయంత్రానికి నుదురు వేడిగా ఉన్నట్టనిపించింది. తల్లి తన నుదురు తడుముకుంది. చల్లగా ఉంది. ఈసారి పొయ్యి మీదికి నెట్టడానికి ఇంట్లో పొయ్యి లేదు.

ప్రారంభోత్సవానికి ముందు రిహార్సల్ జరిగింది. పెద్దాఫీసరు ఆమెను చిల్లి పక్కన నిలబెట్టి, మంత్రిగారు అడిగేది తను అడిగాడు.

"అమ్మా, నీకు ఏ పొయ్యి కావాలి?"

"నా పాత పొయ్యి సార్."

నిపుణులు ముగ్గురూ మొదటిసారి ఒకే అభిప్రాయంతో తలలు అడ్డంగా ఊపారు.

"ఆ ఆప్షన్ లేదమ్మా" అన్నాడు పెద్దాఫీసరు మెత్తగా.

"చెల్లెమ్మా, నీకు పూర్తి స్వేచ్ఛ ఉంది" అన్నాడు మైకన్న. "మూడిట్లో ఏదైనా చెప్పు. ఎవరూ ఏమనరు."

"ఆ మూడూ ఎక్కడున్నాయన్నయ్యా?"

మైకన్న రంగురంగుల కరపత్రాల కట్టలు మూడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఒక్కో కట్ట మీద ఒక్కో హాబ్ నవ్వుతూ మెరుస్తోంది. పొయ్యి పక్కన నిలబడ్డ ఆడమనిషి కూడా నవ్వుతోంది. ఆవిడకు పిల్లల్లేరు కాబోలు, జుట్టు చెదరలేదు.

ప్రారంభోత్సవం రోజున చిల్లి మీద పట్టుగుడ్డ కప్పి, చుట్టూ రిబ్బను కట్టారు. కింద ఏమీ లేదని కమిటీకి తెలుసు. కానీ పైనుంచి ఏ రకమో రానప్పుడు ఏదో ఒకటి పెట్టడం సాహసమవుతుంది. ఏమీ పెట్టకపోవడం విధేయత అవుతుంది. ఈ తేడా తెలిసినవాళ్లు కాబట్టే వాళ్లు కమిటీలో ఉన్నారు.

మంత్రిగారు వచ్చారు. వెనకాల కెమెరాలు వచ్చాయి. ఆమెను ఒక మూలకు నెట్టారు, పిల్లను కిందకు దింపమన్నారు, చేతులు జోడించమన్నారు. ఆమె చేతులు జోడించి, కళ్లతో పిల్లను వెతికింది. ఇన్ని కాళ్ల మధ్య పిల్ల కనిపించలేదు. వంగి చూడబోతే ఎవరో భుజం పట్టుకుని నిలబెట్టారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి పట్టుగుడ్డ లాగారు.

చిల్లిలోంచి పిల్ల తల పైకి వచ్చింది. పాకుకుంటూ కింది అరలోకి వెళ్లి, ఉప్పుడబ్బా పట్టుకుని నిలబడినట్టుంది. రోజూ గట్టు మీదినుంచే తిండి వస్తుందని దానికి గుర్తు. మంత్రిగారి వైపు తలెత్తి నోరు తెరిచింది.

మంత్రిగారు పిల్లను చూశారు, చిల్లిని చూశారు, పెద్దాఫీసరును చూశారు.

"ఇది ఏ రకం?"

పెద్దాఫీసరు పెదాలు తడుపుకున్నాడు. "సార్... ఇది నాలుగో రకం సార్."

మంత్రిగారు రాజకీయాల్లో తలపండినవారు. ఒక్క క్షణం ఆలోచించి కెమెరాల వైపు తిరిగారు.

"చూశారా? మంట లేదు. పొగ లేదు. కరెంటు బిల్లు లేదు. మిగతా మూడు రకాల మీద చెయ్యి పెడితే కాలుతుంది. దీంట్లో చంటిపిల్ల నిలబడి నవ్వుతోంది. ఇంత సురక్షితమైన పొయ్యి ఇప్పటిదాకా ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. చప్పట్లు మారుమోగాయి. పిల్ల నవ్వడం లేదని తల్లి ఒక్కదానికే తెలుసు. అది నోరు తెరిచే ఉంది.

"ఈ రకాన్ని ప్రతి ఇంటికీ ఇవ్వాలి. ఆలస్యం వద్దు" అని మంత్రిగారు ఆదేశించి, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి, మెట్లు లేని గుమ్మం దాటి కారెక్కారు.

అందరూ వెళ్లాక ఆమె పిల్లను చిల్లిలోంచి పైకి తీసి, నుదుటికి చెంప ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత పిల్లను మొగుడి ఒళ్లో కూర్చోబెట్టి, స్టూలు వేసుకుని అటక మీది మూట దింపింది.

"ఏంటే అది? సీలు" అన్నాడతను.

"సీలు ముట్టుకోను."

మూటను బోర్లించి, రెండు ముక్కలు కలిపి కుట్టిన ఆ గుడ్డకు అడుగునున్న కుట్టు బ్లేడుతో విప్పింది. చేయి పెట్టి పొయ్యిని పురుడు పోసినట్టు నెమ్మదిగా బయటికి లాగింది. ఖాళీ అయినచోట మూడు కరపత్రాల కట్టలూ కూరి, సూదీ దారం తెచ్చి మళ్లీ కుట్టేసింది. పైన ముడి ముడిలాగే ఉంది, లక్క లక్కలాగే ఉంది. అతను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆపలేదు, సాయమూ చేయలేదు. మూట అటకెక్కించేటప్పుడు మాత్రం లేచి స్టూలు పట్టుకున్నాడు.

పొయ్యిని గట్టు మీద పెట్టడానికి గట్టు లేదు. కింది అరలో డబ్బాలు తీసేసి, ఎత్తు పీట వేసి, దాని మీద పొయ్యి పెట్టింది. పొయ్యి తల సరిగ్గా చిల్లిలోంచి పైకి వచ్చింది. వెనక వసారాలోని సిలిండరు గొట్టం తగిలించి లైటరు నొక్కింది. టిక్కు. టిక్కు. మూడోసారికి పలికింది.

జావ మొదటి పొంగు వస్తుండగా మేడమీద పిన్ని పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"వాసన పైదాకా వచ్చింది అమ్మాయ్" అంది. "నీ తర్వాతే లే. ముందు దానికి పెట్టు."

సరిగ్గా అప్పుడే పెద్దాఫీసరు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. తుది నివేదికకు చివరి తనిఖీ మిగిలిందట. మొగుడు పిల్లను కింద కూర్చోబెట్టి లేచి నిలబడ్డాడు. లిఫ్టులో నిలబడినట్టే, చేతులు కట్టుకుని, ఎటూ చూడకుండా.

పెద్దాఫీసరు ముందు అటక కింద నిలబడి మూటను చూశాడు.

"సీలు చెక్కుచెదరలేదు. సంతోషం. నీలాంటి బాధ్యత అందరికీ ఉండాలమ్మా."

తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చిల్లిలో నీలంగా మంట. మంట మీద జావ కుతకుతలాడుతోంది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పిన్ని పాలగిన్నెను కొంగు కింద దాచుకుంది.

ఆయన కలం తీసి, రాయబోయి ఆగాడు.

"ఇదేనా నాలుగో రకం?"

"అవును సార్."

"వంట అవుతోందే."

"అవుతోంది సార్."

"పక్కది వెలగదేం?"

"అది మొదట్నుంచీ అంతే సార్."

"పొదుపు" అని ఆయన రాసుకున్నాడు. కలం మళ్లీ ఆగింది. వంగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు. వేడికి ఆయన ముఖాన చెమట పట్టింది.

"మంత్రిగారు మంట లేదన్నారు."

పిల్ల తండ్రి కాళ్ల దగ్గర్నుంచి చెయ్యి చాపి గిన్నె వైపు ఊపింది.

పెద్దాఫీసరు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మంట వంక ఇంకోసారి చూశాడు.

"లేదు" అని రాసుకుని, సంతకం చేసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆమె గిన్నె దింపింది. చెంచాడు జావ ఊది, తన పెదవికి ఆనించి చూసి, పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల మింగింది. మళ్లీ నోరు తెరిచింది. రెండో చెంచా. మూడో చెంచా. బయటికి తీయలేదు.

అంతలో నెత్తిమీద కోత మెషీను మోత మొదలైంది. పైకప్పు పగుల్లోంచి సన్నగా పొడి రాలింది. పిన్ని తలెత్తి చూసింది.

"మా ఇల్లేనా?"

"మీది సీలేసిన రోజే కోసేశారుగా పిన్నీ" అన్నాడు లిఫ్టు ఆపరేటరు. "ఇది మీ పైవాళ్లది."

ఆమె జావగిన్నె మీద మూత పెట్టి, పిల్లకు నాలుగో చెంచా పెట్టింది.